ఐఎస్‌ఓ 9001, 14001 రెండూ కలిపి: నలభై మంది పనిచేసే యూనిట్‌కు ఫ్లోర్ మీద నుంచి సిస్టమ్ కట్టడం

కస్టమర్ పంపిన వెండర్ ఫారంలో ‘ఐఎస్‌ఓ సర్టిఫికెట్ జతచేయండి’ అన్న గడి కనబడగానే చాలా యూనిట్లలో ముందు జరిగేది ఫైళ్ల తయారీ. వేరే కంపెనీకి రాసిన మాన్యువల్‌లో పేరు మార్చి, ఏడాది రిజిస్టర్లన్నీ ఒకే పెన్నుతో ఒకే రాత్రి నింపి, ఆడిట్ గట్టెక్కిస్తారు. ఆర్నెల్లకు కస్టమర్ మనిషే వస్తాడు. ప్యాకింగ్ బల్ల మీది బోల్టు ఒకటి తీసుకుని, ఇది ఏ లాట్ మెటీరియల్, ఏ రోజు ప్లేటింగ్ అయింది, మందం ఎవరు కొలిచారు అని అడుగుతాడు. ఆ మూడు ప్రశ్నలకూ కొన్న ఫైళ్లలో జవాబు దొరకదు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కనబడే తరహా యూనిట్: నలభై మంది, కొన్ని సీఎన్‌సీ మెషీన్లు, ఒక జింక్ ప్లేటింగ్ లైన్ (కరెంటుతో జింక్ పూత వేసేది), చిన్న ఈటీపీ (వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు), ఒక డీజీ సెట్ (డీజిల్ జనరేటర్). ప్లేటింగ్ లేనివాళ్లు ఆ భాగాలు దాటేయవచ్చు. ప్లేటింగ్ ఉన్నవాళ్లు మాత్రం ఎక్కువ సమయం అక్కడే పెట్టాలి.

ముందుగా తెలియాల్సినవి

ఐఎస్‌ఓ జెనీవాలో ఉన్న ప్రమాణాల సంస్థ. అది ప్రమాణం రాస్తుందే గానీ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. సర్టిఫికెట్ ఇచ్చేవి సర్టిఫికేషన్ సంస్థలు. ఆ సంస్థలకు ఆడిట్ చేసే అర్హత ఉందని గుర్తించేది అక్రెడిటేషన్ బోర్డు. మన దేశంలో అది క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్‌ఏబీసీబీ. విదేశీ బోర్డుల గుర్తింపు ఉన్న సంస్థలు కూడా ఇక్కడ పనిచేస్తాయి.

9001 నాణ్యత నిర్వహణకు, 14001 పర్యావరణ నిర్వహణకు. మొదటిది 1987లో, రెండోది 1996లో వచ్చాయి. 2015 సంచికల నుంచి రెండింటి అధ్యాయాల వరస ఒక్కటే: నాలుగో క్లాజు సంస్థ పరిస్థితులతో మొదలై పదో క్లాజు మెరుగుదలతో ముగుస్తుంది. అందుకని రెండింటికీ వేర్వేరు మాన్యువల్, వేర్వేరు ఇంటర్నల్ ఆడిట్, వేర్వేరు రివ్యూ మీటింగ్ పెట్టడం దండగ. డాక్యుమెంట్ కంట్రోల్, శిక్షణ, ఆడిట్, కరెక్టివ్ యాక్షన్ రెండింటికీ ఉమ్మడి. వేరుపడేది ముఖ్యంగా ఎనిమిదో క్లాజు దగ్గర, 14001లో అదనంగా వచ్చే ఆస్పెక్టులు (మన పనుల్లో పర్యావరణాన్ని తాకే అంశాలు), చట్టబద్ధ బాధ్యతల దగ్గర.

ప్రమాణం పుస్తకం కొనండి. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దీన్ని ఐఎస్/ఐఎస్‌ఓ పేరుతో అమ్ముతుంది. కన్సల్టెంట్ ఫీజు ముందు దాని ధర లెక్కలోకి రాదు. అయినా అసలు పాఠం ఒక్కసారీ చదవకుండా సిస్టమ్ నడిపేవాళ్లే ఎక్కువ. 2024 ఫిబ్రవరిలో రెండు ప్రమాణాల 4.1, 4.2 క్లాజుల్లోనూ వాతావరణ మార్పు గురించిన వాక్యాలు చేరాయి. వాతావరణ మార్పు మీ పనికి సంబంధించిన అంశమో కాదో మీరు నిర్ణయించి చూపాలి. ప్లేటింగ్ యూనిట్‌కైతే ఎండాకాలం బోరు ఎండిపోవడం, గట్టి వానకు ఈటీపీ గుంటలు పొంగడం, ఈ రెండూ రాస్తే నిజమైన జవాబే అవుతుంది. పని మొదలుపెట్టే ముందు మీ ఆడిట్ ఏ సంచిక మీద జరుగుతుందో సర్టిఫికేషన్ సంస్థను రాతపూర్వకంగా అడగండి.

ఒక జాబ్‌ను వెనక్కి తవ్వడం

గ్యాప్ అనాలిసిస్ (ప్రమాణానికీ మన పనికీ ఉన్న తేడాలు వెతకడం) పేరుతో వంద ప్రశ్నల చెక్‌లిస్టు నింపే బదులు ఇలా చేయండి. డిస్పాచ్‌కు సిద్ధంగా ఉన్న ఒక బాక్సు తీసుకోండి. అందులోని భాగం నుంచి వెనక్కి నడవండి. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఏది, సంతకం ఎవరిది? కొలిచిన మైక్రోమీటర్ నంబరు అందులో ఉందా, దాని క్యాలిబ్రేషన్ గడువు ఎప్పటిదాకా? ప్లేటింగ్ ఏ షిఫ్టులో అయింది, ఆ రోజు వాట్ (ప్లేటింగ్ ద్రావణం తొట్టె) టెస్ట్ రీడింగులు ఎక్కడ? ఫస్ట్ పీస్ ఎవరు పాస్ చేశారు? మెషీన్ దగ్గరున్న డ్రాయింగ్ ఏ రివిజన్, కస్టమర్ ఆఖరిసారి పంపింది ఏ రివిజన్? ముడి సరుకు టెస్ట్ సర్టిఫికెట్ ఏది, దాని హీట్ నంబరు (ఉక్కు కరిగించిన విడత నంబరు) రాడ్డు మీద ఉందా? ఆర్డర్ ఒప్పుకునే ముందు డ్రాయింగులోని టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) మన మెషీన్‌లో వస్తుందని ఎవరు చూశారు?

ఆ తర్వాత అదే జాబ్ వల్ల బయటికి పోయినవాటిని పట్టుకుని ముందుకు నడవండి. స్వార్ఫ్ (మెషీన్ చెక్కిన లోహపు తురుము) ఎక్కడికి పోయింది, వాడేసిన కూలెంట్ ఏ డ్రమ్ములో ఉంది, రిన్స్ నీళ్లు (ముక్కలు కడిగినవి) ఏ పైపులో పోయాయి, ఈటీపీ స్లడ్జ్ (బురద) ఎన్ని కిలోలు, ఏ తేదీన, ఎవరికి వెళ్లింది?

ఇలా మూడు జాబులు చూడండి: ఒకటి రోజువారీది, ఒకటి అర్జెంటుగా రాత్రి షిఫ్టులో తోసేసింది, ఒకటి కస్టమర్ నుంచి వెనక్కి వచ్చింది. జవాబు దొరకని ప్రతిచోటా ఒక వరస రాసుకుంటే మీ పనుల జాబితా అదే. అర్జెంటు జాబ్ దగ్గరే ఎక్కువ ఖాళీలు బయటపడతాయి. ఆడిటర్ కూడా దాన్నే వెతుకుతాడు.

స్కోప్ రాసేటప్పుడు

స్కోప్ వాక్యం, అంటే సర్టిఫికెట్ ఏ పనులకు వర్తిస్తుందో చెప్పేది, సర్టిఫికెట్ మీద అచ్చవుతుంది కాబట్టి ఆలోచించి రాయాలి. ‘కస్టమర్ డ్రాయింగుల ప్రకారం ప్రెసిషన్ మెషీన్డ్ భాగాల తయారీ, జింక్ ఎలక్ట్రోప్లేటింగ్’ అంటే సరిపోతుంది. ‘అన్ని రకాల ఇంజనీరింగ్ పనులు’ అని రాస్తే అన్నిటికీ సాక్ష్యం చూపాలి. డిజైన్ అంతా కస్టమర్‌దే అయితే 8.3 క్లాజు వర్తించదని కారణంతో సహా రాయవచ్చు. కానీ ఫిక్స్చర్లు తప్ప మరేమీ డిజైన్ చేయమని చెబుతూ, వెబ్‌సైటులో మాత్రం ‘మా సొంత డిజైన్ వాల్వులు’ అని పెట్టుకోకూడదు. ఆడిటర్లు రాకముందే వెబ్‌సైట్ చూస్తారు.

ప్లేటింగ్ బయట చేయిస్తే అది స్కోప్‌లోంచి పోతుందనుకోవడం పొరపాటు. బయటి వాడి పని మీద మీ అదుపు ఎలా ఉందో 8.4 కింద చూపాల్సిందే. అలాగే 14001 స్కోప్ నుంచి ఈటీపీనో స్క్రాప్ యార్డునో తప్పించి గీత గీస్తే స్టేజ్ 1 (మొదటి విడత ఆడిట్) లోనే వెనక్కి వస్తుంది.

కాగితాలు ఎన్ని కావాలి

2008 సంచికలో క్వాలిటీ మాన్యువల్, ఆరు ప్రొసీజర్లు తప్పనిసరి. 2015లో ఆ నిబంధన పోయింది. మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ అన్న హోదా కూడా తప్పనిసరి కాదు, బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంటే చాలు. ఈ పరిమాణం యూనిట్‌కు స్కోప్, పాలసీ, ప్రాసెస్ మ్యాప్ ఒక పేజీ, రిస్కుల పట్టిక, ఆస్పెక్టుల రిజిస్టర్, చట్టాల రిజిస్టర్, లక్ష్యాలు, పదీ పన్నెండు వర్క్ ఇన్‌స్ట్రక్షన్లు, ఇరవై లోపు ఫారాలతో పని నడుస్తుంది. రెండు వందల పేజీల మాన్యువల్ ఉంటే అందులో మీరు పాటించని వాక్యాలు యాభై ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక ఎన్‌సీకి (నాన్ కన్ఫార్మిటీ, ఆడిటర్ రాసే లోపం) దారి.

వర్క్ ఇన్‌స్ట్రక్షన్ చదవాల్సినవాడు ప్లేటింగ్ లైన్ మీద ఉంటాడు. తెలుగువాళ్లుంటే తెలుగులో, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాళ్లుంటే హిందీలో, లేదా బొమ్మలతో రాయండి. ప్రమాణం ఇంగ్లిష్‌లోనే ఉండాలని ఎక్కడా చెప్పదు. ఒక్కటే షరతు: తెలుగు కాపీకి కూడా నంబరు, రివిజన్, తేదీ ఉండాలి, మార్పు వస్తే అన్ని కాపీలూ కలిసి మారాలి. మెషీన్ వెనక గోడకు అంటించిన పాత జిరాక్స్ డ్రాయింగు చిన్న యూనిట్లలో తరచూ దొరికే తప్పుల్లో ఒకటి. పాత రివిజన్‌ను చించేయండి. దాచాల్సివస్తే అడ్డంగా ఎర్ర స్టాంపు వేసి వేరే ఫైలులో పెట్టండి.

కొలిచే పరికరాలు

25 ప్లస్ ఆర్ మైనస్ 0.01 మి.మీ. ఉన్న షాఫ్టును 0.02 మి.మీ. లీస్ట్ కౌంట్ (పరికరం చూపగల అతిచిన్న కొలత) ఉన్న వెర్నియర్‌తో చూసి ‘ఓకే’ రాసిన రిపోర్టులు ఎన్నో ఉంటాయి. మొత్తం టాలరెన్స్ బ్యాండ్ 0.02. పరికరం ఒక గీత తేడా చూపితే మంచి ముక్క రిజెక్టవుతుంది, చెడ్డది పాసవుతుంది. పరికరం లీస్ట్ కౌంట్ టాలరెన్స్ బ్యాండ్‌లో పదో వంతు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇక్కడ 0.002 రావాలి, అంటే 0.001 మి.మీ. చూపే మైక్రోమీటరో కంపారేటర్ డయలో కావాలి.

ప్రతి పరికరానికీ ఒక నంబరు చెక్కండి. మాస్టర్ లిస్టులో రేంజి, లీస్ట్ కౌంట్, ఎవరి దగ్గరుంది, క్యాలిబ్రేషన్ గడువు ఉండాలి. క్యాలిబ్రేషన్‌కు ల్యాబుల ప్రమాణమైన ఐఎస్‌ఓ 17025 కింద ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల అక్రెడిటేషన్ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌కు పంపండి. ఆ పరికరం రకం, రేంజి ల్యాబ్ గుర్తింపు పత్రంలో ఉందో లేదో చూసుకోండి. సర్టిఫికెట్ రాగానే ఫైల్లో పెట్టేయకండి. అందులోని ఎర్రర్ అంకె చూసి, మన అవసరానికి అది పనికొస్తుందని ఒకరు సంతకం పెట్టాలి. ఎర్రర్ ఎక్కువొస్తే ఆ పరికరంతో గత క్యాలిబ్రేషన్ నుంచి ఇప్పటిదాకా పాస్ చేసిన లాట్ల సంగతేమిటో తేల్చి రాయాలని 7.1.5.2 అడుగుతుంది. దీన్ని వదిలేస్తే ఎన్‌సీ ఖాయం.

కోటింగ్ థిక్‌నెస్ మీటర్‌కు రోజూ షిఫ్టు మొదట్లో సున్నా ప్లేటు మీదా, మందం తెలిసిన ఫాయిల్ మీదా చెక్ చేసే అలవాటు పెట్టి, రెండు అంకెలూ రాయించండి.

ప్లేటింగ్: స్పెషల్ ప్రాసెస్

పూత లోపల ఏముందో బయటి నుంచి పూర్తిగా కొలవలేం. అంటుకున్న పట్టు చూడాలంటే ముక్కను పాడుచేయాలి. ఇలాంటి ప్రాసెస్‌ను వాడకముందే నిరూపించాలని 8.5.1 అడుగుతుంది. నిరూపించడమంటే ఏ సెట్టింగులతో మంచి ఫలితం వచ్చిందో పరీక్షించి, ఆ హద్దులు రాసి, ఆ హద్దుల్లోనే నడపడం.

లెక్కతో చూద్దాం. జింక్‌కు చదరపు డెసీమీటరుకు 1 ఆంపియర్ పెడితే సిద్ధాంతం ప్రకారం నిమిషానికి సుమారు 0.285 మైక్రాన్లు పడుతుంది. 2 ఆంపియర్లతో 15 నిమిషాలంటే 8.5 మైక్రాన్లు. డ్రాయింగులో కనీసం 8 మైక్రాన్లు అడిగారు, సరిపోయిందనిపిస్తుంది. వాట్ సామర్థ్యం 90 శాతానికి దిగితే అదే సెట్టింగుకు 7.7 వస్తుంది. పైగా మూలల్లో ఎక్కువ, లోతట్టు భాగాల్లో తక్కువ పడుతుంది. కాబట్టి టైము పెంచడమొక్కటే కాకుండా మందం ఎక్కడ కొలవాలో కూడా వర్క్ ఇన్‌స్ట్రక్షన్‌లో బొమ్మ గీసి చూపాలి. తలమీద కొలిచి పాస్ చేసిన బోల్టు మరల (థ్రెడ్ల) దగ్గర ఫెయిలవుతుంది. ఆల్కలీ వాట్ వాడేవాళ్ల సామర్థ్యం ఆమ్ల క్లోరైడ్ వాట్ కంటే బాగా తక్కువ. పక్క యూనిట్ టైము ఎత్తి రాసుకుంటే కొంప మునుగుతుంది.

10.9, 12.9 గ్రేడ్ బోల్టుల్లాంటి గట్టి ఉక్కు వస్తే మరో ప్రమాదం. పిక్లింగ్‌లో (యాసిడ్‌తో తుప్పు కడగడం), ప్లేటింగ్‌లో పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో బోల్టు తల ఊడిపోయేలా చేస్తుంది. ఇలాంటివాటికి ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి 190 నుంచి 220 డిగ్రీల మధ్య కస్టమర్ స్పెసిఫికేషన్ చెప్పినన్ని గంటలు ఉంచుతారు. పాసివేషన్ (జింక్ మీద క్రోమియం ద్రావణంతో రక్షణ పొర వేయడం) దాని తర్వాతే. వాట్‌లోంచి తీసిన టైము, ఓవెన్‌లో పెట్టిన టైము రెండూ రికార్డులో ఉండాలి. ఓవెన్ డిస్‌ప్లే అంకెను నమ్మి ఊరుకోకండి, లోపల నాలుగు మూలలా ఉష్ణోగ్రత కొలిచిన రిపోర్టు ఒకటుండాలి.

జాబ్ వర్క్‌కు కస్టమర్ పంపిన ముక్కలు కస్టమర్ ఆస్తి. 8.5.3 కింద వాటి లెక్క, నిల్వ, పాడైతే చెప్పిన రికార్డు ఉండాలి. ప్లేటింగ్‌లో పాడైన పది ముక్కలను చెప్పకుండా స్క్రాపులో వేయడం చిన్న విషయంగా చూస్తారు. ఆడిట్‌లో అది పెద్ద విషయమే.

ఆస్పెక్టుల రిజిస్టర్

14001 గుండెకాయ ఇదే. ప్రతి పనికీ లోపలికి వచ్చేవి, బయటికి పోయేవి రాయాలి: నీరు, కరెంటు, రసాయనాలు ఒకవైపు, వ్యర్థజలం, ఆవిర్లు, స్లడ్జ్, శబ్దం, వేడి మరోవైపు. మూడు పరిస్థితులు విడివిడిగా చూడాలి: మామూలుగా నడిచేటప్పుడు, అసాధారణంగా (వాట్ మార్చేటప్పుడు, కరెంటు పోయి డీజీ నడిచేటప్పుడు, ఈటీపీ పంపు ఆగినప్పుడు), ప్రమాదం జరిగినప్పుడు. చాలామంది మొదటిదే రాసి ఆపేస్తారు. నిజానికి యూనిట్లు నోటీసులు తినేది రెండో పరిస్థితిలో. వాట్ డంపింగ్ ఆదివారం జరుగుతుంది, ఆ రోజు ఈటీపీ ఆపరేటర్ సెలవు.

మార్కులు ఎలా వేయాలన్నది మీ ఇష్టం. తీవ్రతకు 1 నుంచి 5, అవకాశానికి 1 నుంచి 5 వేసి గుణించి, 12 దాటితే ముఖ్యమైనదిగా తీసుకోవచ్చు. దాంతోపాటు ఒక నియమం పెట్టుకోండి: చట్టం పరిమితి పెట్టిన ఆస్పెక్టు మార్కులతో పని లేకుండా ముఖ్యమైనదే. లేకపోతే విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం ఉన్న రిన్స్ నీటికి 8 మార్కులు, ఆఫీసు కాగితానికి 15 మార్కులు వచ్చిన రిజిస్టర్లు తయారవుతాయి. కాగితం ఆదా పోస్టర్లు అంటించుకున్న ప్లేటింగ్ యూనిట్లు మన దగ్గర తక్కువేం లేవు.

లైఫ్ సైకిల్ దృష్టి అనగానే కంగారుపడి పెద్ద అధ్యయనాలు చేయించనక్కర్లేదు. కొనేటప్పుడు హెక్సావాలెంట్ బదులు ట్రైవాలెంట్ (విషం తక్కువున్న క్రోమియం రూపం) పాసివేషన్ కెమికల్ కొనవచ్చా, ఖాళీ డ్రమ్ములు సప్లయర్ వెనక్కి తీసుకుంటాడా, ప్యాకింగ్ బాక్సులు కస్టమర్ నుంచి తిరిగొస్తాయా, ఈ స్థాయి ప్రశ్నలు చాలు.

చట్టాల రిజిస్టర్

‘నీటి చట్టం 1974, వాయు చట్టం 1981, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986’ అని పేర్లు వరసగా రాస్తే రిజిస్టర్ కాదు. మీ సీఎఫ్‌ఓ (యూనిట్ నడపడానికి కాలుష్య నియంత్రణ బోర్డు ఇచ్చే అనుమతి) ఆర్డర్ తెరిచి, షెడ్యూళ్లలోని ప్రతి షరతునూ ఒక్కో వరసగా రాయండి. పక్కన ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, సాక్ష్యం ఎక్కడ. సీఎఫ్‌ఓలో ఉత్పత్తి పరిమాణం, రోజువారీ నీటి వాడకం, వ్యర్థజలం పరిమాణం అంకెలతో ఉంటాయి. ఆర్డర్లు పెరిగి ఉత్పత్తి రెట్టింపైనా సీఎఫ్‌ఓలో పాత అంకే ఉంటే అది ఉల్లంఘన. తెలంగాణలో టీజీపీసీబీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీసీబీ అనే ఆ బోర్డుల దగ్గర మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. రెన్యువల్ గడువు ముగియడానికి చాలా ముందే రిజిస్టర్‌లో హెచ్చరిక తేదీ పెట్టుకోండి.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల దగ్గర ఎక్కువ తప్పులు దొరుకుతాయి. ఈటీపీ స్లడ్జ్, వాడేసిన ఆయిల్, వాట్ అడుగు బురద ఇవన్నీ బోర్డు ఇచ్చే ఆథరైజేషన్‌లో పరిమాణంతో సహా ఉండాలి. బోర్డు ప్రత్యేకంగా పొడిగించకపోతే 90 రోజులకు మించి నిల్వ చేయకూడదు. పైకప్పు, నీరు ఇంకని నేల, చుట్టూ గట్టు, డ్రమ్ముకు ఫారం 8 లేబుల్ ఉండాలి. రోజువారీ లెక్క ఫారం 3లో. పంపేటప్పుడు ఫారం 10 మానిఫెస్ట్ (వ్యర్థం వెంట వెళ్లే పత్రం). ఏటా జూన్ 30లోపు ఫారం 4 రిటర్ను. వేరుగా, 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద పర్యావరణ స్టేట్‌మెంట్ అయిన ఫారం 5 సెప్టెంబర్ 30లోపు. స్లడ్జ్ చివరికి చేరాల్సింది టీఎస్‌డీఎఫ్‌కు (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రం). హైదరాబాద్ వైపు దుండిగల్, విశాఖ వైపు పరవాడలో ఉన్నాయి. వాడేసిన ఆయిల్ ఆథరైజేషన్ ఉన్న రీసైక్లర్‌కే వెళ్లాలి. స్క్రాప్ కొనేవాడు డ్రమ్ముకు మంచి రేటు ఇస్తానంటాడు, ఇవ్వకండి.

ఒక లెక్క సరిచూసుకోండి. ఏడాదిలో కొన్న సున్నం, వాట్‌లోంచి ఈటీపీకి వెళ్లిన జింక్ బట్టి రావాల్సిన స్లడ్జ్, ఫారం 3లో చూపిన స్లడ్జ్, మానిఫెస్టుల మొత్తం ఒకదానికొకటి దగ్గరగా రావాలి. సున్నం టన్నుల్లో కొని స్లడ్జ్ కిలోల్లో చూపితే అనుభవమున్న ఆడిటర్ అక్కడే ఆగిపోతాడు.

డీజీ పొగగొట్టం ఎత్తుకు లెక్క: బిల్డింగ్ ఎత్తుకు కేవీఏ వర్గమూలంలో 0.2 వంతు మీటర్లు కలపాలి. 100 కేవీఏ సెట్ అయితే పైకప్పు మీద మరో 2 మీటర్లు.

ఈటీపీ దగ్గర ఏం తప్పుతుంది

క్రోమియం రిన్స్‌ను విడిగా పట్టండి. సోడియం మెటాబైసల్ఫైట్‌తో హెక్సావాలెంట్‌ను ట్రైవాలెంట్‌గా మార్చడం పీహెచ్ 2 నుంచి 3 మధ్యే చురుగ్గా జరుగుతుంది. ఆపరేటర్ యాసిడ్ మిగిల్చి 5 దగ్గర డోస్ చేస్తే చర్య నత్తనడక, హెక్సావాలెంట్ అలాగే బయటికి పోతుంది. విడుదలలో దాని పరిమితి లీటరుకు 0.1 మి.గ్రా. చర్య పూర్తయ్యాకే సున్నంతోనో కాస్టిక్‌తోనో పీహెచ్ పెంచాలి. క్రోమియం 8, 9 మధ్య బాగా కూర్చుంటుంది, జింక్‌కు 9 పైన కావాలి. బయటికి వదిలే నీరు మళ్లీ 6 నుంచి 9 మధ్యకు రావాలి. సైనైడ్ వాట్ ఇంకా నడుపుతున్న యూనిట్లలో ఆ నీరూ యాసిడ్ నీరూ ఒకే కాలువలో కలిస్తే హైడ్రోజన్ సైనైడ్ వాయువు పుడుతుంది, మనుషులు చనిపోతారు. రెండు పైపులకు వేర్వేరు రంగులు, వేర్వేరు గుంటలు తప్పనిసరి.

ఎమర్జెన్సీ డ్రిల్ అంటే అందరినీ గేటు బయట నిలబెట్టి ఫొటో తీయడంతో అయిపోదు. యాసిడ్ క్యాన్ పగిలిందనుకుని రాత్రి షిఫ్టులో చేయించండి. ఐ వాష్ నీళ్లు వస్తున్నాయా, న్యూట్రలైజ్ చేసే సోడా యాష్ ఎక్కడుంది, వాననీటి కాలువ మూత ఎవరు మూస్తారు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఇవి రాయండి.

లక్ష్యాలు

‘నాణ్యత మెరుగుపరుస్తాం’ లక్ష్యం కాదు. 20,000 ముక్కలు పంపి 46 వెనక్కి వస్తే 2300 పీపీఎం (పది లక్షల ముక్కలకు ఇన్ని). దాన్ని వచ్చే మార్చికి 1200కు తేవాలి, అందుకు ఏ మెషీన్‌కు ఏ గేజ్, ఎవరి బాధ్యత, ఖర్చెంత అన్నది లక్ష్యం.

పర్యావరణం వైపు రిన్స్ నీటి మీద పెట్టుకుంటే ఫలితం, డబ్బు రెండూ కనబడతాయి. ముక్కల వెంట వాట్‌లోంచి గంటకు 1 లీటరు ద్రావణం జారి వస్తోందనుకోండి. దాన్ని వెయ్యి రెట్లు పలచన చేయాలంటే ఒకే రిన్స్ ట్యాంకుకు గంటకు 1000 లీటర్లు కావాలి. రెండు ట్యాంకులు పెట్టి నీటిని ముక్కలకు ఎదురు దిశలో పారిస్తే దాదాపు 32 లీటర్లతో అదే శుభ్రత వస్తుంది. మూడు పెడితే 10. ఇది ఆదర్శ లెక్క, ఫ్లోర్ మీద కొంత ఎక్కువే పడుతుంది. అయినా ఒక్క అదనపు ట్యాంకు ఈటీపీ బరువును ఎంత తగ్గిస్తుందో చెప్పడానికి చాలు. ర్యాకును వాట్ మీదే కాసేపు ఆపి కారనిస్తే జారే ద్రావణం ఇంకా తగ్గుతుంది, దానికి ఖర్చూ లేదు.

ఇంటర్నల్ ఆడిట్, రివ్యూ

తన పనిని తానే ఆడిట్ చేయకూడదు. ప్లేటింగ్ సూపర్‌వైజర్ స్టోర్స్‌ను, స్టోర్స్ మనిషి ఈటీపీని చూడవచ్చు. ఆడిట్ నోట్సులో ‘బాగుంది’ అని రాస్తే సాక్ష్యం కాదు. ఏ జాబ్ కార్డులు, ఏ తేదీల రీడింగులు, ఏ పరికరం నంబర్లు చూశారో రాయాలి. ఒక్క ఎన్‌సీ కూడా లేని ఇంటర్నల్ ఆడిట్‌ను ఎవరూ నమ్మరు.

మేనేజ్‌మెంట్ రివ్యూకు యజమాని కూర్చోవాలి. 9.3లో ఉన్న ప్రతి ఇన్‌పుట్‌కూ ఒక అంకె తీసుకురండి: రిజెక్షన్, కస్టమర్ ఫిర్యాదులు, సప్లయర్ ఆలస్యాలు, చట్టబద్ధత తనిఖీ ఫలితం, ఆడిట్ ఎన్‌సీల స్థితి. చివర నిర్ణయాలు, డబ్బు, గడువు రాయాలి.

సర్టిఫికేషన్ సంస్థ, ఆడిట్ రోజులు

అక్రెడిటెడ్ సంస్థలు ఎన్ని రోజులు ఆడిట్ చేయాలన్నది సిబ్బంది సంఖ్యను బట్టి ఐఏఎఫ్ (అక్రెడిటేషన్ బోర్డుల అంతర్జాతీయ వేదిక) రూపొందించిన పట్టికలో ఉంది. నలభై మందికి 9001 కింద మొదలు లెక్క 4 రోజులు, లోహాల ఉపరితల ట్రీట్‌మెంట్ మధ్యస్థ సంక్లిష్టతలో పడుతుంది కాబట్టి 14001 కింద 5.5 రోజులు. స్టేజ్ 1, 2 కలిపి ఇది. కారణాలు చూపి కొంత తగ్గించవచ్చు, రెండూ కలిపి చేస్తే మరికొంత. ఎంత తగ్గించినా, రెండు ప్రమాణాలూ ఒక్క రోజులో ముగిస్తామని కొటేషన్ వచ్చిందంటే అక్రెడిటేషన్ గుర్తు ఉంటుందా అని అడగండి. ఎవరూ రాకుండానే కొన్ని వేల రూపాయలకు రెండు రోజుల్లో మెయిల్‌లో వచ్చే సర్టిఫికెట్లను పెద్ద కస్టమర్లు ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్‌లో (అక్రెడిటెడ్ సర్టిఫికెట్ల ఆన్‌లైన్ జాబితా) వెతికి, దొరక్కపోతే పక్కన పడేస్తారు. కన్సల్టింగూ సర్టిఫికెట్టూ ఒకే సంస్థ ఇస్తానంటే సర్టిఫికేషన్ సంస్థలు పాటించాల్సిన ఐఎస్‌ఓ 17021-1 దాన్ని నిషేధించిందని గుర్తుంచుకోండి.

స్టేజ్ 1లో డాక్యుమెంట్లు, సంసిద్ధత చూస్తారు. ఇంటర్నల్ ఆడిట్, మేనేజ్‌మెంట్ రివ్యూ అప్పటికే ప్లాన్ చేసి నడుస్తూ ఉండాలి. స్టేజ్ 2 అంతా అమలు మీదే. మూడు నెలల నిజమైన రికార్డులు చేతిలో లేకుండా దానికి తొందరపడకండి. మేజర్ ఎన్‌సీ వస్తే దాన్ని సరిచేసినట్టు స్టేజ్ 2 ఆఖరి రోజు నుంచి ఆరు నెలల్లోపు సంస్థ నిర్ధారించుకోవాలి, లేదంటే స్టేజ్ 2 మళ్లీ జరగాలి.

ఎన్‌సీకి జవాబు రాయడం

ఉదాహరణ: మెషీన్ 3 దగ్గర ఉన్న మైక్రోమీటర్ మాస్టర్ లిస్టులో లేదు, క్యాలిబ్రేషన్ కాలేదు. అందరూ రాసే జవాబు: ‘కారణం ఆపరేటర్ అజాగ్రత్త, శిక్షణ ఇచ్చాం’. ఆడిటర్ దాన్ని తిప్పి పంపుతాడు. పని చేసే జవాబు ఇలా ఉంటుంది. వెంటనే చేసింది: పరికరం పక్కన పెట్టాం, క్యాలిబ్రేట్ చేయించాం, దాంతో పాస్ చేసిన లాట్లలో స్టాకులో ఉన్నవి మళ్లీ కొలిచాం. కారణం: కొత్తగా కొన్న పరికరాలు స్టోర్స్ ఇన్‌వర్డ్ నుంచి నేరుగా ఫ్లోర్‌కు వెళ్తున్నాయి, క్యూసీకి తెలిసే దారి లేదు. ఇంకెక్కడైనా ఇలా ఉందా: ఈ ఏడాది బిల్లులన్నీ చూస్తే లిస్టుకెక్కని పరికరాలు మరో రెండు దొరికాయి. మార్చింది: కొలిచే పరికరాల ఇన్‌వర్డ్‌కు క్యూసీ సంతకం లేకుండా స్టోర్స్ ఇష్యూ చేయదు. ఫలితం చూసేది: తర్వాతి మూడు నెలల కొనుగోళ్లను లిస్టుతో పోల్చి.

సర్టిఫికెట్ వచ్చాక

మూడేళ్ల చెల్లుబాటు. మొదటి సర్వైలెన్స్ ఆడిట్ (సర్టిఫికెట్ నిలుపుకోవడానికి మధ్యలో జరిగే తనిఖీ) సర్టిఫికేషన్ నిర్ణయం తేదీ నుంచి 12 నెలలు దాటకూడదు. దాటితే సస్పెండ్ చేస్తారు. సర్వైలెన్స్‌కు మొదటి ఆడిట్ రోజుల్లో మూడో వంతు, రీసర్టిఫికేషన్‌కు మూడింట రెండు వంతులు పడతాయి, బడ్జెట్ అలా వేసుకోండి. ఐఎస్‌ఓ లోగో మీరు వాడకూడదు. సర్టిఫికేషన్ సంస్థ మార్కు లెటర్‌హెడ్ మీద వాడుకోవచ్చు, సరుకు మీద మాత్రం వేయకూడదు. ‘ఐఎస్‌ఓ సర్టిఫైడ్ బోల్టులు’ అన్న మాట తప్పు, ఎందుకంటే సర్టిఫికెట్ మీ నిర్వహణ పద్ధతికి వచ్చింది. అడ్రసు మారినా, కొత్త ప్లేటింగ్ లైన్ వేసినా, సీఎఫ్‌ఓ సస్పెండ్ అయినా, తీవ్రమైన ప్రమాదం జరిగినా సర్టిఫికేషన్ సంస్థకు ఆలస్యం లేకుండా రాతపూర్వకంగా చెప్పండి. కాంట్రాక్టులో ఆ షరతు ఏ పేజీలో ఉందో చూసి, చట్టాల రిజిస్టర్‌లో దానికీ ఒక వరస కేటాయించండి.